ఆదివారం మాత్ర

పొద్దున పని మొదలయ్యే ముందు టీ బండి చుట్టూ అందరూ గ్లాసులు పట్టుకుని నిలబడితే, ఒక్క మనిషి మాత్రం చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడేవాడు. టీ తాగేవాడు కాదు. మంచినీళ్లు కూడా గొంతు తడవడానికి ఒక్క గుక్క, అంతే. కొత్తగా పనిలో చేరినవాళ్లు ఆయనకేదో మొక్కు ఉందనుకునేవారు. అసలు సంగతి మొక్కు కంటే చాలా మామూలుది. ఆయన టవర్ క్రేన్ నడుపుతాడు. కడుతున్న మేడ కంటే ఎత్తున ఉండే అద్దాల గదిలోకి నిచ్చెన మెట్లెక్కి వెళ్లి కూర్చుంటే సాయంత్రం దాకా దిగడానికి ఉండదు. దిగి మళ్లీ ఎక్కేసరికి పూటలో మంచి భాగం పోతుంది. అంతసేపూ కింద మనుషులు ఇనుము కోసం, సిమెంటు కోసం ఎదురుచూస్తూ చేతులు ముడుచుకుని కూర్చోవాలి. మూత్రానికి కొందరు ఆపరేటర్లు సీసాలతో సర్దుకుంటారు. చుట్టూ అద్దాలు, అద్దాల అవతల మేడలు. ఈయనకు అభిమానం అడ్డొచ్చేది. తాగితే కదా దిగాల్సిన అవసరం! అందుకని తాగడం మానేశాడు. దాన్ని అందరూ క్రమశిక్షణ అన్నారు.

సైటులో ఆయన్ను పేరు పెట్టి పిలిచేవారు లేరు. ‘పైవాడు’ అనేవారు. ఇనుము రావడం ఆలస్యమైతే ‘పైవాడు ఇంకా కరుణించలేదు’ అనీ, అడిగిన చోట అడిగినట్టు దిగితే ‘అంతా పైవాడి దయ’ అనీ నవ్వుకునేవారు. విని ఆయనా నవ్వేవాడు.

బరువు దిగే చోట నిలబడి సైగలు చేసేవాడు ఆయన సొంత బావమరిది. ఒక చేతిలో రేడియో, రెండో చేతిలో సైగ, నెత్తిమీద ఎప్పుడూ టన్నుల కొద్దీ ఇనుము. “మా అక్క నిన్ను నమ్మి చేసుకుంది. నేను నిన్ను నమ్మి నిలబడుతున్నా. ఇద్దరిలో ఎవరు తెలివితక్కువోళ్లో ఎప్పుడో తేలుతుంది బావా” అనేవాడు. నిజానికి ఇద్దరికీ ఆ నమ్మకం నిండుగా ఉంది. ఆయన చేతిలో బరువు ఏనాడూ ఊగలేదు.

పనిలో ఆయన ఎంత ఖచ్చితమైనవాడో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. మోయగలిగినదానికంటే ఎక్కువ బరువు ఎత్తితే క్రేన్‌లో అలారం మోగుతుంది. రెండో క్రేన్ నడిపే ఆపరేటరు ఆ మోత భరించలేక అలారం గొట్టంలో గుడ్డ కుక్కాడు. ఒకరోజు ఆ క్రేన్ ఎక్కినప్పుడు అది ఈయన కంటబడింది. ఆ గుడ్డ లాగి, కిందికి దిగి, అందరి ముందూ చేత్తో ఊపుతూ అడిగాడు: “అలారం నోట్లో గుడ్డ కుక్కితే బరువు తగ్గుతుందిట్రా?” ఆ మాట సైటంతా చాలా రోజులు చెప్పుకున్నారు. రెండో ఆపరేటరు అన్నాళ్లూ తల దించుకు తిరిగాడు.

ఆ గుడ్డ ఊపిన మనిషే తన ఒంటికి ఏం చేస్తున్నాడో ఇక చూద్దాం.

రెండేళ్ల కిందట ఆయనకు తరచూ తల బరువెక్కుతుంటే భార్య పోరి పోరి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు పిలిపించి చూసింది. రెండుసార్లూ రక్తపోటు పై అంకె నూట డెబ్భై దాటింది, కింది అంకె వంద దాటింది. “రోజూ పొద్దున ఈ మాత్ర వేసుకోండి. ఒంట్లో ఎక్కువైన ఉప్పునీ నీటినీ మూత్రంలో పంపించేస్తుంది. బాగుంది కదా అని ఆపొద్దు” అని చెప్పింది. ఏం పని చేస్తారని ఆమె అడగలేదు. ఆయనా చెప్పలేదు. బయట చాలామంది వేచి ఉన్నారు.

మాత్ర వేసుకుని క్రేన్ ఎక్కిన మొదటి రోజే ఆయన రెండుసార్లు దిగాల్సి వచ్చింది. రెండోసారి సూపర్‌వైజరు నిచ్చెన కింద కాచుకుని ఉన్నాడు. “ఏమయ్యా, క్రేన్ నడుపుతున్నావా, షికార్లు చేస్తున్నావా?” అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. నలభై ఏడేళ్ల మనిషికి చిన్నపిల్లాడిలా ముఖం ఎర్రబడింది. మర్నాడు మాత్ర వేసుకోలేదు. పూర్తిగా మానేయడానికి భయం, వేసుకోవడానికి సిగ్గు. ఈ రెండింటికీ మధ్య ఒక దారి కనిపెట్టాడు. పని లేని ఆదివారం మాత్రం వేసుకునేవాడు, వారానికోసారి గోడ గడియారానికి కీ ఇచ్చినట్టు.

రక్తపోటుకు ఒక చెడ్డ గుణం ఉంది. అది నొప్పి పెట్టదు. పంటినొప్పి అయితే తెల్లారకముందే మనిషిని డాక్టరు గుమ్మం తొక్కిస్తుంది. రక్తపోటు అద్దెకున్న నెమ్మదస్తుడిలా ఏళ్ల తరబడి చప్పుడు చెయ్యకుండా ఉంటుంది. గోడలు ఎక్కడెక్కడ తొలిచిందో ఇల్లు కుంగినప్పుడు గాని తెలియదు.

మెడనొప్పి అలాంటిది కాదు. రోజంతా మోకాళ్ల మధ్య నుంచి కిందికి చూస్తూ కూర్చునేవాడికి అది సాయంత్రానికల్లా లెక్క అప్పజెప్పుతుంది. అందుకని నొప్పి మాత్ర మాత్రం ఆయన రోజూ మింగేవాడు. మందుల షాపువాడు చీటీ అడిగేవాడు కాదు. మధ్యాహ్నం భోజనం డబ్బా తాడు కట్టి పైకి పంపేటప్పుడు బావమరిది అందులో ఒక మాత్ర పెట్టి, “బావా, కూర గిన్నె కింద చూడు, స్వీటుంది” అని రేడియోలో చెప్పేవాడు. ప్రేమతోనే పంపేవాడు. వేసుకోవాల్సిన మందు బీరువాలోనూ, వేసుకోకూడని మందు కూర గిన్నె కిందా ఉండేవి.

ఏడాదికోసారి కంపెనీ ఆరోగ్య పరీక్ష చేయిస్తుంది. అందులో నెగ్గినవాడికే క్రేన్. పరీక్షకు ముందు మూడు రోజులు ఆయన సెలవు పెట్టేవాడు. రోజూ మాత్ర, ఉప్పు తగ్గించిన తిండి, కడుపు నిండా నీళ్లు, కంటి నిండా నిద్ర. దాంతో పరీక్ష రోజున అంకెలు బుద్ధిమంతుల్లా కూర్చునేవి. తక్కిన ఏడాది ఎలా ఉండాలో ఆ మూడు రోజులే చెబుతున్నాయని ఆయనకు తట్టలేదు. అదొక కిటుకనుకున్నాడు. పెద్దమనసున్నవాడు కనుక అడిగిన ఆపరేటర్లందరికీ ఆ కిటుకు చెప్పాడు కూడా.

ఈ ఏడాది పరీక్షల్లో రక్తపరీక్షను కొత్తగా చేర్చారు. దానికి కిటుకు ఎవరికీ తెలియదు. రక్తపోటు దగ్గర ఎప్పటిలాగే మంచి అంకె వచ్చింది. కింద మాత్రం ‘క్రియాటినిన్’ అన్న మాట ఎదురుగా ఒకటి పాయింట్ తొమ్మిది అనీ, పక్కన చిన్న నక్షత్రం గుర్తూ ఉన్నాయి. ఉండాల్సింది ఒకటి పాయింట్ మూడు లోపని పక్కనే రాసి ఉంది. డాక్టరుకు చూపించి నెలలోగా ఉత్తరం తెమ్మని ఆఫీసులో చెప్పారు. ఆయన ఆ కాగితం మర్నాడు టీ బండి దగ్గరికి తెచ్చాడు.

“పాయింట్ ఆరే కదా తేడా! సిమెంటు బస్తాలో అంతకంటే ఎక్కువే తరుగు పోతుంది” అన్నాడు స్టోర్ కీపరు.

“మా పెదనాన్న రిపోర్టు అచ్చం ఆకాశమే, చూసిన చోటల్లా నక్షత్రాలు. ఎనభై ఏళ్లు రాయిలా బతికాడు” అన్నాడు వెల్డరు.

“ల్యాబుల్లో మిషన్లు ఎప్పుడు సరిగ్గా ఏడ్చాయి గనక!” అన్నాడు సూపర్‌వైజరు.

బావమరిది కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “స్టారంటే మెచ్చుకున్నట్టే బావా. బళ్లో నాకు ఒక్కటంటే ఒక్కటి రాలేదు.”

అందరూ నవ్వారు. పైవాడి గుండె తేలికపడింది. అంతమంది వైద్యులు చేరిన ఆ సభలో, క్రియాటినిన్ అంటే ఏమిటని అడిగినవాడు ఒక్కడూ లేడు. బీపీ బాగానే ఉంది కాబట్టి రక్తంలో ఏదున్నా దానికీ దీనికీ సంబంధం లేదని తీర్మానించి, కాగితం మడిచి, ఆయన పైకెక్కాడు. నెల గడువు ఉంది కదా అనుకున్నాడు.

తర్వాత వారంలో, గాలి కూడా లేని ఒక ఉదయం, ఇనుప చువ్వల కట్ట ఒకటి పై అంతస్తుకు ఎత్తాడు. అక్కడ బావమరిదీ, మరో నలుగురు పనివాళ్లూ నిలబడి ఉన్నారు. బావమరిది చెయ్యి తిప్పుతూ దించమని సైగ చేశాడు. కట్ట వాళ్ల తలల మీదుగా నెమ్మదిగా దిగుతోంది. ఉన్నట్టుండి పైవాడి చూపులో ఎడమ సగం చెరిగిపోయింది. బావమరిది భుజం ఒకటే కనిపిస్తోంది, రెండోది లేదు. నలుగురు పనివాళ్లలో ఇద్దరే ఉన్నారు. మిగిలిన ఇద్దరూ ఏమయ్యారు? కట్ట కింద ఉన్నారా, పక్కకు తప్పుకున్నారా? ఆయన లివరు మీద నుంచి చెయ్యి తీసేశాడు. కట్ట గాలిలో ఆగిపోయింది.

“బావా, దించు.” రేడియో పలికింది. “బావా? ఏమైంది? బావా!”

ఆయన నోరు తెరిచాడు. మాట రాలేదు. ఆయనకు ఆ క్షణంలో తన ఒంటి గురించి భయం లేదు. కనిపించని ఆ సగంలో తన భార్య తమ్ముడు ఉన్నాడన్నదొక్కటే భయం.

బావమరిది నలుగురినీ పక్కకు తోసి, తనూ కట్ట కింద నుంచి తప్పుకున్నాడు. కాసేపటికి పైవాడి చూపు మళ్లీ నిండింది. రేడియోలో ఒక్కొక్క మాటే చెబుతూ ఖాళీ జాగాలోకి బావమరిది ఆ కట్టను దింపించాడు.

“కళ్లలో ఎండ కొట్టిందిరా” అన్నాడు పైవాడు.

సూర్యుడు అప్పుడు క్రేన్ వెనక ఉన్నాడు. బావమరిది ఆ మాట అనలేదు. “దిగు బావా” అన్నాడు.

“ఇంకా నాలుగు కట్టలున్నాయి.”

“ఉండనీ. నువ్వు దిగకపోతే నేను నిలబడను. ఇక నీ ఇష్టం.”

ఇన్నేళ్లలో బావమరిది ఆయనతో నవ్వకుండా మాట్లాడడం అదే మొదలు. పైవాడు దిగాడు.

భార్య కర్టెన్లు కుట్టే షాపులో పని చేస్తుంది. తమ్ముడు ఫోను చెయ్యగానే ఇంటికి వెళ్లి, బీరువాలోంచి మాత్రలు తీసుకుని, వాళ్లకంటే ముందే డాక్టరమ్మ గది దగ్గరికి చేరింది. డాక్టరమ్మ బీపీ చూసి ఇంకేమీ మాట్లాడకుండా పెద్దాసుపత్రికి పంపించేసింది. పై అంకె రెండు వందలు దాటింది. మెదడుకు స్కానింగు తీశారు. రక్తనాళం చిట్లలేదు, కొద్దిసేపు రక్తం అందక చూపు పోయి వచ్చిందనీ, ఇది రాబోయే పక్షవాతం ముందుగా పంపిన కబురనీ చెప్పారు. మూడో రోజు ఇంటికి పంపారు. అప్పుడు ముగ్గురూ మళ్లీ డాక్టరమ్మ ఎదుట కూర్చున్నారు.

“ఆదివారాలే వేసుకునేవారమ్మా. నాకు తెలుసు” అంది భార్య, మాత్రల అట్ట బల్ల మీద పెడుతూ. “రోజూ వేసుకుంటే పని పోతుందన్నారు. అన్నం పెట్టే పని కదా అని నోరు మూసుకున్నాను.” ఆమె కళ్ల నుంచి నీళ్లు జారాయి.

“నొప్పి మాత్రలు నేనే పంపానమ్మా, కూర గిన్నె కింద పెట్టి” అన్నాడు బావమరిది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం తన వైపు తిప్పుకుంది. “చూడండి. కండరాలు పని చేస్తే రోజూ కొంత చెత్త తయారవుతుంది. అదే క్రియాటినిన్. దాన్ని కిడ్నీలు వడకట్టి బయటికి పంపాలి. రక్తంలో అది పెరిగిందంటే వడకట్టే జల్లెడ పాడవుతోందన్నమాట. మీ బీపీ ఏళ్ల తరబడి ఆ జల్లెడని కొడుతోంది. మీరు నీళ్లు తాగకుండా దాన్ని ఎండబెట్టారు. రోజూ నొప్పి మాత్రలు మింగి ఇంకా నలిపారు. జల్లెడ పాడైతే బీపీ ఇంకా పెరుగుతుంది, బీపీ పెరిగితే జల్లెడ ఇంకా పాడవుతుంది. దానికీ దీనికీ సంబంధం లేదనుకున్నారు. రెండూ ఒకే తాడు రెండు కొసలు.”

“తేడా పాయింట్ ఆరేగా అనుకున్నామమ్మా” అన్నాడు పైవాడు.

“కిడ్నీలు దాదాపు సగం పని మానేసేదాకా ఈ అంకె సరిగ్గా పైకి లేవదు. లేచిందంటే చిన్నదని తీసిపారేయకూడదు. అలాగని ఒక్క నక్షత్రం చూసి గుండె జారిపోనక్కర్లేదు కూడా. ఇంకోసారి చేయించి చూడాలి, మూత్ర పరీక్ష చెయ్యాలి, కారణం వెతకాలి. దానికే మేమున్నాం. నాకు చూపించాల్సింది మీరు ఎవరికి చూపించారు?”

“టీ బండి దగ్గర” అన్నాడు బావమరిది.

పైవాడు చేతులు నలుపుకుంటూ అన్నాడు: “అన్నీ వింటానమ్మా. కానీ ఆ నీళ్ల మాత్ర వేసుకుని రోజంతా పైన ఎలా కూర్చోను?”

“పైన అంటే?”

“క్రేన్ పైనమ్మా. ఎక్కితే సాయంత్రం దాకా దిగడానికి ఉండదు.”

డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

“బీపీకి ఇదొక్కటే మాత్ర కాదు. మాటిమాటికీ మూత్రానికి లేపనివి వేరే ఉన్నాయి. ఈ మాట రెండేళ్ల కిందట తెలిస్తే వాటిలో ఒకటి రాసేదాన్ని. అడగకపోవడం నా తప్పు. చెప్పకపోవడం మీ తప్పు. తప్పు ఇద్దరిదీ, శిక్ష మాత్రం మీ కిడ్నీలకి పడింది.”

మందు మారింది. నొప్పి మాత్రలు ఆగిపోయాయి. మెడకు వ్యాయామం నేర్పారు. ఇంట్లో కూరల్లో ఉప్పు తగ్గింది. మొదట్లో ఆయన ముద్ద ముద్దకూ భార్య ముఖం చూసేవాడు, ఆమె మాత్రం చూడనట్టు తినేది. క్రేన్ ఎక్కడానికి మాత్రం డాక్టరమ్మ ఒప్పుకోలేదు. ఉత్తరం రాసిమ్మని ఆయన బతిమాలాడు. “మీ బీపీ కొన్ని నెలలు నిలకడగా ఉండాలి. అప్పుడు చూద్దాం. ఇప్పుడు సంతకం పెడితే నేను మీ కింద నిలబడే మనిషికి సమాధానం చెప్పాలి” అంది. ఆ మనిషి పక్కనే కూర్చుని ఉన్నాడు. పైవాడు మళ్లీ అడగలేదు.

ఆయనకు కింద పని ఇచ్చారు. కొక్కేలు, ఇనుప తాళ్లు అరిగాయేమో చూడడం. జీతం తగ్గింది, భార్య షాపులో అదనంగా కుట్టడం మొదలుపెట్టింది. సైటులో ‘కిందకి దిగిన పైవాడు’ అన్నారు. ఆయన నవ్వలేదు, కోపగించుకోనూ లేదు. ఆయన క్రేన్ మీదికి రెండో ఆపరేటరు వెళ్లాడు. అతనూ టీ మానేశాడు.

అది గమనించింది బావమరిదే. సూపర్‌వైజరు దగ్గరికెళ్లి, నీళ్లు తాగని ఆపరేటరు కింద ఇక నిలబడనని చెప్పేశాడు. మిగతా సిగ్నల్ వాళ్లూ అదే మాటన్నారు. సూపర్‌వైజరు గొణిగాడు, ఆఫీసు చుట్టూ తిరిగాడు, చివరికి పూటకోసారి క్రేన్ ఆపి మనిషి దిగివచ్చేలా ఏర్పాటు చేశాడు. క్రేన్‌కు గ్రీజు పెట్టడానికి రోజూ సమయం కేటాయించే కంపెనీకి, దాన్ని నడిపేవాడి దాహం గుర్తురావడానికి ఇంతకాలం పట్టింది.

కొన్ని నెలలకు రక్తపరీక్ష మళ్లీ చేయించారు. ఒకటి పాయింట్ ఆరు. పక్కన నక్షత్రం అలాగే ఉంది.

“తగ్గినంత మేరా నీళ్లు తాగకపోవడమూ నొప్పి మాత్రలూ చేసిన చెరుపు. మిగిలింది బీపీ చేసిన గాయం. అది మానదు, పెరగకుండా కాపాడుకోవాలి. కాపాడుకుంటే చాలా ఏళ్లు ఏమీ కాదు” అంది డాక్టరమ్మ. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఈసారి దాన్ని టీ బండి దగ్గర ఎవరికీ చూపలేదు.

ఆ మర్నాడే రెండో ఆపరేటరు ఆయన్ను పక్కకు పిలిచాడు. “అన్నా, వచ్చే వారం నాకు ఆరోగ్య పరీక్ష. నీ దగ్గర ఆ పాత మాత్రలు మిగిలాయట కదా. ఓ మూడు ఇస్తావా?”

“ఎందుకు?”

“నువ్వు చెప్పిన కిటుకేగా! మూడు రోజులు వేసుకుంటే అంకె దానంతటదే సర్దుకుంటుందన్నావు. ఈమధ్య తల కొంచెం బరువుగా ఉంటోంది. ఎందుకైనా మంచిదని.”

పైవాడు అతని ముఖంలోకి చూశాడు. ముప్ఫై నాలుగేళ్ల ముఖం. రెండేళ్ల కిందట తనకు వచ్చిన తలబరువే, తను పంచిపెట్టిన తెలివే ఎదురుగా నిలబడి చెయ్యి చాస్తున్నాయి. పక్కకు చూస్తే బావమరిది రేడియో సర్దుకుంటూ నిలబడి ఉన్నాడు. ఇప్పుడు అతను నిలబడేది ఈ చెయ్యి చాచిన మనిషి ఎత్తే బరువు కిందే.

“నీ అలారంలోంచి గుడ్డ లాగి అందరి ముందూ తిట్టాను, గుర్తుందా?” అన్నాడు పైవాడు.

“లేకేం! ఎన్నాళ్లో తలెత్తుకోలేకపోయాను.”

“నిన్ను తిట్టిన రోజున నా ఇంట్లోనూ అలాంటి గుడ్డ ఉంది. మాత్ర ఆకారంలో ఉంది కాబట్టి గుర్తుపట్టలేదు. నీ గుడ్డ లాగేసి, నా గుడ్డ నీ చేతికిచ్చాను.” ఆయన అతని భుజం మీద చెయ్యి వేశాడు. “మూడు మాత్రలు ఇవ్వను. సాయంత్రం డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్తాను. బీపీ చూపించుకో, రక్తం ఇవ్వు, ఏం పని చేస్తావో ఆమె అడగకపోయినా చెప్పు. అంకె బాగుండకపోతే కొన్నాళ్లు దిగుతావు, నాలాగే. చచ్చిపోవు, ఎవర్నీ చంపవు.”

రెండో ఆపరేటరు తల దించుకున్నాడు. పైవాడు టీ బండి మీదున్న చెంబు అందుకుని గ్లాసు నిండా నీళ్లు పోసి అతని చేతిలో పెట్టాడు.

“తాగు. ఆ రోజు నిన్ను అడిగిన మాట నన్ను నేనే అడగాల్సింది. అలారం మోగితే చూడాల్సింది దాని నోరు ఎలా మూయాలా అని కాదు తమ్ముడూ, మోస్తున్న బరువు ఎంతా అని.”